పునీత స్తెఫాను కిరీటము – పొరుగు దేశములు

మన తిరుసభ పంచాంగమును తెరచి చూచినయెడల ఆగస్టు 16వ తేదీన హంగేరీ రాజైన పునీత స్తెఫాను గారి పేరు, నవంబరు 17వ తేదీన అదే దేశపు రాజకుమార్తెయైన పునీత ఎలిజబేతమ్మ గారి పేరు కనిపించును. పూజలో ఆ పేర్లు వినుచున్నాము. ఇంటికి వచ్చి మరచిపోవుచున్నాము. ఈ శతవార్షికోత్సవ సంచికలో మన గురువుల సేవలను, మఠకన్యల సేవలను, పల్లె పల్లెకు కాలినడకన తిరిగిన ఉపదేశుల సేవలను గూర్చి తోటి సభ్యులు వ్రాయుచున్నారు. మేము మాత్రము కొంచెము దూరము వెళ్ళి, ఆ పునీతులు పుట్టిన రాజవంశమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఆ వంశము తన దేశమును మాత్రమే ఏలలేదు. క్రొయేషియా, దల్మతియ, బోస్నియా, గాలిచ్ మొదలగు పొరుగు భూములపైన కూడ చేయి చాచినది. దల్మతియ పేరు మనకు క్రొత్తది కాదు. పునీత పౌలు గారు తిమోతికి వ్రాసిన రెండవ లేఖలో తీతు వెళ్ళినట్లు చెప్పిన దేశమే అది. అద్రియ సముద్రపు అంచున, కొండలకును నీటికిని నడుమ సన్నని పట్టెడవలె ఉన్నది. పునీతుడు స్థాపించిన రాజ్యము పొరుగువారి భూములను ఏలునప్పుడు ధర్మముగా ఏలగలిగెనా? ఇదే మా ప్రశ్న.

పది ఊళ్ళకు ఒక గుడి

హంగేరీ ప్రజలు తమను మాగ్యారులని పిలుచుకొందురు. వీరు తూర్పు మైదానముల నుండి గుఱ్ఱములపై వచ్చినవారు. 895 ప్రాంతములో ఆర్పాద్ అను నాయకుని కాలమున కార్పాతియన్ పర్వతములను దాటి, డాన్యూబు, తిస్సా నదులు పారు పల్లపు భూములలో స్థిరపడిరి. అటు తరువాత అరువది యేండ్లు వీరి గుఱ్ఱపు డెక్కల చప్పుడు వినిన పడమటి దేశములవారు వణకిరి. 955లో జర్మను రాజైన మొదటి ఒట్టో వీరిని ఘోరముగా ఓడించెను. దోపిడితో ఇక బ్రతుకు సాగదని వారికి తెలిసినది. ఆర్పాద్ వంశమువాడైన గేజా ప్రభువు జ్ఞానస్నానము పొందెను. వాయ్క్ అను ఆయన కుమారుడు స్తెఫాను అను పేరుతో క్రైస్తవుడై, బవేరియా రాజకుమార్తెయైన గిసేలాను వివాహమాడెను.

1000వ సంవత్సరపు క్రిస్మసు దినమున గాని, 1001 జనవరి మొదటి దినమున గాని స్తెఫాను రాజుగా అభిషేకము పొందెను. కిరీటమును రెండవ సిల్వెస్తరు పోపుగారు పంపిరని పరంపరగా చెప్పుకొందురు. ఎస్తెర్‌గోమ్ పట్టణమున అగ్రపీఠమును స్థాపించి, దేశమునంతటిని మేత్రాసనములుగా విభజించెను. పది ఊళ్ళవారు కలిసి ఒక గుడి కట్టుకొనవలెనని ఆయన చట్టము చేసెను. పీఠ వస్త్రములను, పూజా వస్త్రములను రాజు ఇచ్చును. గురువును, పుస్తకములను పీఠాధిపతి ఇచ్చును. గుడి గోడ ప్రజలది, గుడ్డ రాజుది, గ్రంథము తిరుసభది. ఊరివారందరు తలకొక రాయి మోసి గుడి కట్టుకొనిన అనుభవము గల మన పెద్దలకు ఈ చట్టములోని అందము వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే చరిత్ర వ్రాయునప్పుడు మంచిని మాత్రమే ఏరి వ్రాయుట న్యాయము కాదు. తండ్రి చనిపోయినప్పుడు బంధువైన కొప్పానీ అనువాడు సింహాసనము తనదని తిరుగబడెను. స్తెఫాను అతనిని ఓడించి చంపించగా, శవమును నాలుగు ముక్కలు చేసి నాలుగు కోటల గుమ్మములకు వ్రేలాడదీసిరి. 1003లో తన మేనమామయైన గ్యులా ఏలుచున్న ట్రాన్సిల్వేనియాను సేనతో వెళ్ళి పట్టుకొనెను. పునీతుని చేతిలో సిలువతోపాటు కత్తియు ఉండెనని ఒప్పుకొనక తప్పదు.

ఆ స్తెఫానే తన కుమారుడైన ఇమ్రె కొరకు ఒక ఉపదేశ గ్రంథమును సిద్ధము చేయించెను. అందులో పరదేశులను ఆదరింపుమని, ఒకే భాషయు ఒకే ఆచారమును గల రాజ్యము బలహీనమైనదని కుమారునికి బోధించెను. వేయి సంవత్సరముల క్రిందట ఒక రాజు నోట ఇట్టి మాట వచ్చుట ఆశ్చర్యము. దురదృష్టవశమున ఇమ్రె 1031లో అడవిపంది వేటలో మరణించెను. స్తెఫాను 1038 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు, కన్నుమూసెను. తండ్రి కుమారులిద్దరిని 1083లో పునీతులుగా ప్రకటించిరి. ఉపదేశము వినవలసిన కుమారుడు ముందే పోయెను గనుక, ఆ మాటను తరువాతి రాజులు విన్నారా లేదా అని చూడవలసియున్నది.

ద్రావా నది దాటిన రాజులు

హంగేరీకి దక్షిణమున ద్రావా నది. దానికి ఆవల క్రొయేషియా. క్రొయేషియాకు సొంత రాజులు ఉండిరి. వారిలో జ్వొనిమిర్ అను రాజు హంగేరీ రాజకుమార్తెయైన హెలెనాను వివాహమాడెను. 1089లో జ్వొనిమిర్ మరణించెను. 1091లో ఆ రాజవంశములో చివరివాడును మరణించెను. హెలెనా అన్న హంగేరీ రాజైన లాస్లో. చెల్లెలి హక్కును చూపించి ఆయన ద్రావా నదిని దాటెను. 1094 ప్రాంతమున జాగ్రెబ్ పట్టణములో మేత్రాసనమును స్థాపించెను. నేడు క్రొయేషియా రాజధానియైన జాగ్రెబ్ పేరు చరిత్రలో మొదట వినిపించినది ఈ మేత్రాసన స్థాపనతోనే. లాస్లోను కూడ 1192లో పునీతుల వరుసలో చేర్చిరి.

లాస్లో తరువాత 1095లో ఆయన అన్న కుమారుడైన కాల్మాన్ రాజయ్యెను. ఈయనను మొదట గురుత్వమునకు పెంచిరి. అందుచేత చదువు బాగుగా వచ్చును. ప్రజలు ఆయనను "పుస్తకముల కాల్మాన్" అని పిలిచిరి. రూపము మార్చుకొను మంత్రగత్తెలు అనువారు లేనే లేరు గనుక వారిపై విచారణ జరుపరాదని చట్టము చేసిన రాజు ఈయనే. మంత్రగత్తెలని పేరు పెట్టి ఆడువారిని కాల్చిన శతాబ్దములు యూరపులో ఇంకను రానున్నవని తలంచినప్పుడు ఆ చట్టపు విలువ తెలియును.

1097లో క్రొయేషియా ప్రభువు పేతర్ స్వాచిచ్ కాల్మాన్ సేనతో గ్వోజ్ద్ కొండ దగ్గర పోరాడి మరణించెను. 1102లో సముద్రతీరమందలి బియోగ్రాద్ పట్టణమున కాల్మాన్ క్రొయేషియా రాజుగా వేరుగా కిరీటము ధరించెను. ఆ "వేరుగా" అను మాట ముఖ్యమైనది. క్రొయేషియాను హంగేరీలో కలిపివేయలేదు. రాజు ఒక్కడే, రాజ్యములు రెండు. రాజు పేరున "బాన్" అను ప్రతినిధి పాలించెను. క్రొయేషియా ప్రముఖుల సభ వేరుగా కూడెను.

క్రొయేషియాలోని పన్నెండు వంశముల పెద్దలు కాల్మానుతో ఒడంబడిక చేసికొనిరని చెప్పు పత్రమొకటి కలదు. ద్రావా నది వరకు యుద్ధమునకు తమ ఖర్చుతో వత్తుమని, నది దాటినచో ఖర్చు రాజుదేనని దాని సారాంశము. పత్రపు ప్రతి 14వ శతాబ్దమునాటిది గనుక దానిపై పండితులలో వాదము కలదు. ఇది కత్తితో గెలిచిన రాజ్యమని హంగేరీవారిలో పలువురును, ఇష్టపడి చేసికొనిన ఒప్పందమని క్రొయేషియావారిలో పలువురును చెప్పుదురు. మాకు తోచినంతవరకు రెండింటిలోను నిజమున్నది: 1097లో కత్తి ఉన్నది, 1102లో మాట ఉన్నది. కత్తి ఒక్కనాటి పని చేసినది. మాట ఎనిమిది వందల యేండ్లు నిలిచినది.

త్రోగిర్ ప్రమాణము

1105లో కాల్మాన్ దల్మతియ తీరమునకు దిగెను. జాదర్, త్రోగిర్, స్ప్లిట్ అక్కడి ముఖ్య పట్టణములు. ఇవి రోమను కాలపు అలవాట్లు గల నగరములు. లాటిను భాష, సొంత చట్టములు, సొంత పీఠాధిపతులు, సొంత ఓడలు వీరికి ఉండెను. తూర్పున బైజాంతియ చక్రవర్తి, ఎదుట వెనీసు నగరము, వెనుక కొండలలో హంగేరీ రాజు. ముగ్గురి నడుమ ఈ పట్టణములు నలిగిపోవుచుండెను.

కాల్మాన్ వీరితో ప్రమాణపూర్వకముగా మాట్లాడుకొనెను. 1108వ సంవత్సరపు త్రోగిర్ పట్టాలో ఆ మాటలు వ్రాయబడినవి. పట్టణస్థులు తమ పీఠాధిపతిని, తమ పట్టణాధికారిని తామే ఎన్నుకొందురు. రాజు వారిని ధ్రువపరచును. పూర్వపు చట్టములు అట్లే సాగును. రాజు ఈ మాట ఇచ్చినది సిలువ మీద ప్రమాణము చేసి. జాదర్ పట్టణమున బెనెడిక్టు మఠకన్యల మరియమాత దేవాలయమునకు తన ఖర్చుతో గంటగోపురము కట్టించెను. దానిమీద కాల్మాన్ పేరుతో 1105 నాటి శాసనము నేటికిని చదువవచ్చును. గెలిచినవాడు కోటకు బదులు గంటగోపురము కట్టించుట చిన్న సంగతి కాదు.

కాల్మాన్ కూడ దోషము లేనివాడు కాడు. సింహాసనము కొరకు పోటీపడిన తన తమ్ముడు ఆల్మోషును, ఏమియు ఎరుగని అతని పసిబిడ్డ బేలాను కన్నులు తీయించెను. ఆ గ్రుడ్డి బాలుడే పెద్దవాడై 1131లో రాజయ్యెను. బోస్నియాలోని రామా అను ప్రాంతపు పేరును తన బిరుదులలో చేర్చినది కూడ ఆయన కాలముననే. అటు తరువాత రాజుల బిరుదుల పట్టిక పెరుగుచునే వచ్చినది: హంగేరీ, దల్మతియ, క్రొయేషియా, రామా, సెర్బియా, గాలిచ్, లొదొమేరియా, కుమానియా, బల్గేరియా. తొమ్మిది పేర్లు. వీటిలో కొన్ని నిజముగా ఏలిన భూములు. కొన్ని పత్రముల మీది ఆశలు.

ప్రమాణము లేని చోట

గాలిచ్ సంగతి చూడుడు. కార్పాతియన్ పర్వతములకు ఆవల, నేటి పడమటి యుక్రెయినులో ఉన్న రాజ్యమది. ప్రజలు తూర్పు ఆరాధనక్రమమును పాటించు క్రైస్తవులు. 1188లో ఆ దేశపు ప్రభువైన వ్లదిమీరు శత్రువులకు భయపడి సహాయము కోరుచు హంగేరీ రాజు మూడవ బేలా యొద్దకు వచ్చెను. బేలా సేనతో వెళ్ళి గాలిచును పట్టుకొని, వ్లదిమీరును చెరలో వేసి, తన కుమారుడైన అంద్రెయను అక్కడ కూర్చుండబెట్టెను! శరణు వచ్చినవానిని బంధించిన పని నిలువలేదు. వ్లదిమీరు గోపురము నుండి తప్పించుకొని పోయి మరుసటి యేడే తన రాజ్యమును తిరిగి పొందెను.

ఆ అంద్రెయయే 1205లో హంగేరీ రాజై, గాలిచ్ మీదికి మాటిమాటికి సేనలను నడిపెను. 1213లో ఆయన గాలిచ్ దండయాత్రలో ఉండగా ఇక్కడ రాణి గెర్‌ట్రూడును కొందరు ప్రభువులు చంపివేసిరి. తన జర్మను బంధువులకు పదవులు పంచిపెట్టినదని వారి కోపము. ఆ రాణి కుమార్తెయే మన ఎలిజబేతమ్మ గారు. అప్పటికి ఆమెకు ఆరేండ్లు. నాలుగేండ్ల ప్రాయముననే పెండ్లి మాట కుదిరి జర్మనీలోని తురింగియాకు పంపబడియుండెను. భర్త చనిపోయిన తరువాత మార్‌బుర్గ్ పట్టణమున వైద్యశాల కట్టించి, రోగులకు తన చేతులతో సేవచేసి, 1231లో ఇరువదినాలుగేండ్లకే ప్రభువునందు నిద్రించినది. నాలుగేండ్లలోనే, 1235లో, తిరుసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించినది. తండ్రి భూముల కొరకు తిరిగెను. బిడ్డ రోగుల కొరకు తిరిగెను. ఇప్పుడు ఎవరి పేరు పంచాంగములో ఉన్నదో మనకు తెలియును.

ఆ యుద్ధముల ఖర్చు, భూములను ఇష్టానుసారముగా పంచిపెట్టుట దేశములో అలజడి పుట్టించినవి. 1222లో అంద్రెయ "స్వర్ణముద్ర శాసనము"ను జారీచేయవలసివచ్చెను. దేశము వెలుపలి యుద్ధములకు చిన్న ప్రభువులను వారి ఖర్చుతో రమ్మని రాజు బలవంతపెట్టరాదని అందులో ఒక నిబంధన. రాజు మాట తప్పినయెడల పీఠాధిపతులును ప్రభువులును ఎదిరించి నిలువవచ్చునని మరియొక నిబంధన. గాలిచ్ మాత్రము దక్కలేదు. 1245లో యారొస్లావ్ యుద్ధముతో ఆ ఆశ ముగిసినది; బిరుదు మిగిలినది.

జాదర్ కథ ఇంకను బాధాకరమైనది. 1202లో నాల్గవ సిలువ యుద్ధమునకు బయలుదేరిన యోధులు వెనీసువారి ఓడల బాకీ తీర్చలేక, బాకీకి బదులుగా వెనీసు కోరినట్లు జాదర్ పట్టణమును ముట్టడించిరి. అది క్రైస్తవ పట్టణము. దాని రాజైన ఇమ్రె స్వయముగా సిలువ యుద్ధమునకు దీక్ష వహించినవాడు. మూడవ ఇన్నొసెంటు పోపుగారు వలదని ముందే ఆజ్ఞాపించిరి. పట్టణస్థులు తాము క్రైస్తవులమని తెలుపుటకు గోడల మీద సిలువలు వ్రేలాడదీసిరి. అయినను పట్టణము పడినది, దోచబడినది. పోపుగారు ఆ యోధులను తిరుసభ నుండి బహిష్కరించిరి. పదునైదేండ్లకు, 1217లో, అంద్రెయ రాజు తాను సిలువ యుద్ధమునకు పోవుటకు ఓడలు కావలసి, జాదర్ మీది హక్కును వెనీసుకు వదలుకొనెను. ప్రాణములొడ్డి రాజును నమ్మిన పట్టణము ఓడల బాడుగ క్రింద చెల్లిపోయినది.

బోస్నియాలో ఇంకొక విధమైన తప్పు జరిగినది. అక్కడి క్రైస్తవులలో కొందరు రోమాపురికి లోబడని విధముగా జీవించుచున్నారని ఫిర్యాదులు వచ్చెను. 1203లో అక్కడి కులిన్ బాన్ కాలమున పోపుగారి ప్రతినిధి వెళ్ళి, మాటలతోనే వారిచేత తప్పులను విడిచెదమని ఒప్పించెను. కాని 1235 తరువాత అంద్రెయ కుమారుడైన రాకుమారుడు కాల్మాన్ సిలువ యుద్ధమను పేరుతో సేనను నడిపెను. చిన్ననాడు గాలిచ్ రాజుగా కిరీటము పెట్టించుకొనిన బాలుడే ఇతడు. ఫలితమేమి? బోస్నియా పీఠాధిపతి తన మేత్రాసన ప్రజల నడుమ ఉండలేక ద్యాకొవో పట్టణమునకు పీఠమును మార్చుకొనవలసివచ్చెను. బోస్నియా సంఘము రోమునకు ఇంకను దూరమయ్యెను. 1203లో మాట చేసిన పనిని కత్తి చెరిపివేసినది.

రాజు శరణార్థి అయిన సంవత్సరము

1241 ఏప్రిలు 11న మూహి మైదానమున హంగేరీ సేన మంగోలుల చేతిలో నాశనమయ్యెను. ఇద్దరు అగ్రపీఠాధిపతులు ఆ దినమున హతులైరి. రాకుమారుడు కాల్మాన్ గాయములతో తప్పించుకొని కొలది కాలమునకే మరణించెను. రాజు నాల్గవ బేలా, అనగా ఎలిజబేతమ్మ గారి సోదరుడు, ప్రాణములతో పారిపోయెను.

మొదట పడమటి పొరుగువాడైన ఆస్ట్రియా ప్రభువు ఫ్రెడెరిక్ యొద్దకు వెళ్ళెను. ఆ క్రైస్తవ ప్రభువు ఆపదలోనున్న రాజును పట్టి ఉంచి, ధనమును పిండుకొని, మూడు జిల్లాలను తాకట్టుగా వ్రాయించుకొనెను. బేలా అక్కడనుండి దక్షిణమునకు, జాగ్రెబ్ మీదుగా దల్మతియ తీరమునకు వచ్చెను. వెనుకనే కదాన్ అను మంగోలు నాయకుడు రాజును పట్టుకొనవలెనని తరుముకొని వచ్చెను.

రాజు కుటుంబము స్ప్లిట్ పట్టణము మీది క్లిస్ కొండకోటలో తలదాచుకొనెను. అక్కడ ఆయన చిన్న కుమార్తెలిద్దరు, కేథరీనమ్మయు మార్గరీతమ్మయు, ఆ కష్టములలోనే చనిపోయిరి. స్ప్లిట్ పట్టణపు ప్రధాన దేవాలయ ద్వారము మీద వారి చిన్న రాతి సమాధి నేటికిని ఉన్నది. ఆ దేవాలయము ఒకప్పుడు క్రైస్తవులను హింసించిన దియొక్లెషియను చక్రవర్తి సమాధి మందిరము. హింసించినవాని సమాధి హతసాక్షి దొమ్నియు గారి పేర గుడియైనది. దాని గుమ్మము మీద ఇద్దరు పరదేశి పసిపిల్లలకు చోటు దొరకినది.

బేలా త్రోగిర్ పట్టణమునకు చేరెను. 1108లో కాల్మాన్ ప్రమాణము చేసిన పట్టణమే అది. పట్టణమునకును నేలకును నడుమ సన్నని నీటిపాయ, అడుగున బురద. మంగోలు గుఱ్ఱములు దాటలేకపోయెను. కదాన్ దూత ఒడ్డున నిలిచి, రాజును అప్పగింపుడు, పరాయివాని కొరకు మీరెందుకు చచ్చెదరని స్లావు భాషలో కేకవేసెను. ఈ సంగతిని ఆ కాలమునవాడే యైన స్ప్లిట్ గురువు తోమా తన గ్రంథములో వ్రాసియున్నాడు. గోడల మీద నుండి ఎవరును బదులు పలుకలేదు. మంగోలులు కొంతకాలము చూచి, దక్షిణపు ఊళ్ళను నాశనము చేసికొనుచు వెళ్ళిపోయిరి.

మా వ్యాసమునకంతటికి ఈ మౌనమే ఆయువుపట్టు. రాజునకు అప్పుడు సేన లేదు, ధనము లేదు. అప్పగించినయెడల పట్టణమునకు ప్రాణభయము తీరును. దగ్గరి చుట్టమువంటి ఆస్ట్రియా ప్రభువు పిండుకొనెను; వేరు భాష మాటలాడు చిన్న ఓడరేవు కాచుకొనెను. నూట ముప్పది సంవత్సరముల క్రిందట తమ చట్టములకును, తమ పీఠాధిపతికిని, తమ స్వేచ్ఛకును గౌరవమిత్తునని సిలువ మీద ప్రమాణము చేసిన కిరీటమది. ఆ ప్రమాణము అక్షరమక్షరము ఎల్లప్పుడును పాటింపబడినదని మేము చెప్పము. కాని పాటింపబడినంత మేరకు అది ఆ దినమున వడ్డీతో తిరిగి వచ్చినది.

బేలా దానిని మరువలేదు. 1242లోనే త్రోగిర్ హక్కులను మరల ధ్రువపరచెను. అదే సంవత్సరము నవంబరు 16న జాగ్రెబులోని గ్రాదెత్స్ కొండ వాసులకు స్వర్ణముద్ర శాసనమిచ్చి, దానిని స్వతంత్ర రాజనగరముగా చేసెను. తిరిగి వెళ్ళి పాడైన దేశమును రాతికోటలతో క్రొత్తగా కట్టెను గనుక హంగేరీవారు ఆయనను దేశమునకు రెండవ స్థాపకుడని పిలిచిరి. క్లిస్ కోటలోనే ఆ సంవత్సరము ఇంకొక కుమార్తె పుట్టినది. దేశము బ్రతికినచో ఈ బిడ్డను దేవునికి ఇత్తుమని తల్లిదండ్రులు మ్రొక్కుకొనిరి. మార్గరీతమ్మ అని పేరు పెట్టిరి. ఆమె డాన్యూబు నది మధ్యనున్న దీవిలో దొమినికు సభ కన్యాస్త్రీయై, రాజుల సంబంధములను త్రోసిపుచ్చి, 1270లో మరణించినది. 1943లో పన్నెండవ భక్తినాథ పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించిరి. బుడాపెస్టు నగరములోని ఆ దీవిని నేటికిని ఆమె పేరుతోనే పిలుచుచున్నారు.

లూయీ మహారాజు వైభవము

ఆర్పాద్ వంశము 1301లో అంతరించెను. తరువాత వచ్చిన ఆంజూ వంశములో లూయీ మహారాజు 1342 నుండి 1382 వరకు ఏలెను. 1358లో జాదర్ పట్టణమున పునీత ఫ్రాన్సిసు మఠములో జరిగిన సంధిలో వెనీసు దల్మతియ మీది హక్కులను వదలుకొనెను. దుబ్రోవ్నిక్ నగరము కూడ హంగేరీ కిరీటమును అంగీకరించెను. ఏటేట ఐదు వందల బంగారు నాణెములు కప్పము. మిగిలిన పాలన అంతయు నగరము చేతిలోనే. ఈ తేలికైన కాడి క్రింద ఆ చిన్న నగరము వర్తకములో వర్ధిల్లెను.

లూయీ రాణి బోస్నియా ప్రభువు కుమార్తె, ఆమె పేరు కూడ ఎలిజబెత్తే. బాల యేసును చేతులలో ఎత్తుకొనిన వృద్ధుడైన సిమెయోను గారివని జాదరువారు భద్రపరచిన అవశేషములకు ఈ రాణి వెండి మందసమును చేయించెను. 1377లో పని మొదలిడి 1380లో ముగించిరి. లూయీ జాదరులో ప్రవేశించుట కూడ ఆ వెండి పలకలలో ఒకదానిమీద చెక్కియున్నది.

1370లో లూయీకి పోలండు కిరీటము కూడ వచ్చెను. అయితే కొడుకులు లేరు. ఆయన పోయిన వెంటనే ఇల్లు కూలినది. క్రొయేషియా ప్రభువులు కొందరు తిరుగబడి, రాణి ఎలిజబెత్తును జాదరుకు దగ్గరనున్న నొవిగ్రాద్ కోటలో బంధించి 1387లో చంపివేసిరి. చిన్న కుమార్తె యద్విగ మాత్రము 1384లో పోలండు కిరీటము ధరించి, ఆ ప్రజలకు తల్లియై, 1997లో పునీతురాలిగా ప్రకటింపబడినది. 1409లో నేపుల్సు లాదిస్లాసు అను పోటీ రాజు దల్మతియ మీది తన హక్కులను లక్ష బంగారు నాణెములకు వెనీసుకు అమ్మివేసెను. ప్రమాణముతో వచ్చిన భూమి బేరముతో పోయినది.

మధ్యాహ్నపు గంట

మిగిలిన కథ త్వరగా చెప్పుదుము. 1456లో తురకల సేన బెల్‌గ్రేడు కోటను ముట్టడించెను. మూడవ కలిస్తు పోపుగారు క్రైస్తవులందరు ఆ కోటవారి కొరకు ప్రార్థింపవలెనని, అందుకై ప్రతిదినము మధ్యాహ్నము గంటలు మ్రోగింపవలెనని ఆజ్ఞాపించిరి. జులై 22న యానోష్ హున్యాదియు, ఫ్రాన్సిసు సభ సన్యాసియైన పునీత యోహాను కపిస్త్రానో గారును కోటను కాపాడిరి. జయవార్త రోమునకు చేరినది ఆగస్టు 6న. అందుచేత మరుసటి యేడు ఆ దినమున ప్రభువు దివ్యరూపధారణ పండుగను తిరుసభ అంతటను జరుపవలెనని పోపుగారు నిర్ణయించిరి. అప్పుడు కోటలో హంగేరీవారితోపాటు సెర్బులు, క్రొయేషియావారు కూడ ఉండిరి. స్తెఫాను తన కుమారునికి చెప్పిన బహుభాషా రాజ్యపు బలము ఆ గోడల మీద కనిపించినది.

డెబ్బది యేండ్లకు, 1526 ఆగస్టు 29న, మొహాచ్ యుద్ధమున రాజు రెండవ లూయీ మరణించెను. అగ్రపీఠాధిపతులు, పీఠాధిపతులు కలిసి ఏడుగురు హతులైరి. మధ్యయుగ హంగేరీ అంతటితో ముగిసినది. 1527 జనవరి మొదటి దినమున క్రొయేషియా ప్రముఖులు సెతిన్ కోటలో తమ సభ తామే కూడి హబ్స్‌బుర్గ్ ఫెర్డినాండును రాజుగా ఎన్నుకొనిరి. నాలుగు వందల యేండ్లకు పైగా పరరాజు క్రింద ఉండియు వారి సభ బ్రతికియుండెను! ఆ సభయే 1918 అక్టోబరు 29న హంగేరీతో బంధమును తెంచుకొనెను. 1102 నుండి లెక్కించిన 816 సంవత్సరములు.

గాలిచ్ బిరుదు సంగతి కూడ చెప్పి ముగింతుము. 1772లో పోలండును పంచుకొనునప్పుడు, ఐదు వందల యేండ్ల క్రిందట చచ్చిన ఆ బిరుదునే చూపించి మరియ తెరేసా రాణి ఆ భూమిని తీసికొనినది. న్యాయము లేని దావా పత్రము చెదలు పట్టినను చావదు. ఎప్పుడో ఎవరో దానిని మరల విప్పుదురు.

స్తెఫాను గారి పేరుతో నిలిచిన కిరీటము రెండవ ప్రపంచ యుద్ధము తరువాత అమెరికాలో ఉండి, 1978లో స్వదేశమునకు వచ్చి, 2000 నుండి బుడాపెస్టు పార్లమెంటు భవనములో ఉన్నది. దాని క్రింది భాగము బైజాంతియ చక్రవర్తి కాలపు పని గనుక అది స్తెఫాను ధరించినదే కాదని పండితులు చెప్పుదురు. దాని మీది సిలువ ఒక ప్రక్కకు ఒరిగియుండును. ఆ ఒరిగిన సిలువను బొమ్మలో చూచినప్పుడెల్ల మాకు ఈ వంశపు చరిత్ర అంతయు గుర్తువచ్చును. సిలువ ఉన్నది; నిటారుగా మాత్రము లేదు.

నూరేండ్ల పండుగ చేసికొనుచున్న మనకు భూములు లేవు, బిరుదులు లేవు. అయినను మనకందరికి పొరుగువారు ఉన్నారు. మనకంటె వేరుగా ప్రార్థించువారు, వేరు మాట మాటలాడువారు ఉన్నారు. వారికి మనమిచ్చిన మాటలు కూడ ఉన్నవి. గాలిచులోను బోస్నియాలోను కత్తి సంపాదించినది పోయినది. త్రోగిరులో మాట సంపాదించినది ఆపదవేళ గోడయై నిలిచినది. మన విచారణ గుడిలో మధ్యాహ్నము పన్నెండు గంటలకు త్రికాల ప్రార్థన గంట మ్రోగినప్పుడు, బెల్‌గ్రేడు కోటతోపాటు త్రోగిర్ గోడల మీద బదులు పలుకక నిలిచిన ఆ పేరు తెలియని మనుష్యులను కూడ ఒక్క నిమిషము తలంచుకొందము. రానున్న నూరేండ్లలో మన మాట కూడ ఎవరికైన ఒక ఆపదలో గోడగా నిలుచునట్లు ప్రభువు అనుగ్రహించునుగాక.